కళాశాల ఫుట్‌బాల్ జట్ల ఎంపిక – చేజారుతున్న స్థానిక ప్రతిభ: నర్సీపట్నం పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో ఫుట్‌బాల్ జట్టు ఎంపిక ప్రవేశాలు పూర్తయిన తరువాత మొదలవుతుంది. అందువల్ల కళాశాల పరిసరాల్లోనే పెరిగిన ఆటగాళ్లు ఆ కళాశాల జట్టులోకి రాకుండా పోతున్నారు. మైదాన ప్రాంతానికీ మన్యానికీ నడుమనున్న నర్సీపట్నాన్ని ఆధారంగా తీసుకుని, ఈ నష్టం ఏయే దశల్లో జరుగుతున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర, కేరళ కళాశాలల అనుభవం, విశాఖపట్నం పరుగుల క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ ప్రస్థానం పోలికలుగా స్వీకరించబడ్డాయి.

కీలకపదాలు: ఫుట్‌బాల్, కళాశాల క్రీడలు, స్థానిక ప్రతిభ, నర్సీపట్నం, మన్యం, ఇంటర్మీడియట్ విద్య, స్పోర్ట్స్ కోటా, అంతర విశ్వవిద్యాలయ పోటీలు.

1. ఉపోద్ఘాతం

‘ఎంపిక’ అన్న మాటను క్రీడారంగంలో రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. తన ముందు నిలిచిన ముప్పైమందిలో పదహారుమందిని ఏరుకోవడం ఒక పని. ఆ ముప్పైమంది ఎవరై ఉండాలో ముందుగానే తిరిగి, చూసి, పిలిచి, చేర్చుకోవడం మరొక పని. అమెరికా విశ్వవిద్యాలయాల్లో రెండవ పనికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఉన్నత పాఠశాల విద్యార్థిని శిక్షకుడు ఎప్పుడు కలవవచ్చో, ఎప్పుడు కలవకూడదో నిర్దేశించే నియమావళి కూడా అక్కడ ఉన్నది. (అక్కడ ఫుట్‌బాల్ అనే ఆట వేరన్నది విదితమే, పద్ధతి విషయంలో మాత్రం పోలిక చెల్లుతుంది.) ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో సాధారణంగా మొదటి పని మాత్రమే జరుగుతున్నది. ప్రవేశాలు ముగిసి, తరగతులు మొదలై, నోటీసు బోర్డులో ప్రకటన వచ్చాక, ఆసక్తి ఉన్న విద్యార్థులు మైదానానికి వస్తారు. వారిలోంచి జట్టు తయారవుతుంది. అప్పటికి ఆ ఊరిలో బాగా ఆడగలిగిన కుర్రవాడు వేరే ఊరి కళాశాలలోనో, కూలిపనిలోనో ఉండవచ్చు.

అతడు రాకపోవడం వల్ల కళాశాల ఒక కప్పు పోగొట్టుకుంటుంది. అది పెద్ద నష్టం కాదు. అతడు పోగొట్టుకునేది మాత్రం పెద్దది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ ‘సి’ ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారుల నియామకానికి గుర్తించిన అర్హతల్లో, అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించడం ఒకటి. అర్హమైన క్రీడల జాబితాలో ఫుట్‌బాల్ ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడావిధానంలో రాష్ట్ర ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఈ నేపథ్యంలో విశ్వవిద్యాలయ జట్టులో చోటు పేద కుటుంబపు విద్యార్థికి జీవనోపాధితో ముడిపడిన విషయమవుతున్నది.

2. బడిలో దొరికిన ఆటగాళ్లు: హైదరాబాదు అనుభవం

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ ప్రతిభాన్వేషణకు పూర్వరంగం లేకపోలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. విద్యార్థి దశలో ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవాడు. తరువాత హైదరాబాదులోని పాఠశాలల్లో పనిచేస్తూ, 1943 నుంచి మరణించే వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షకుడుగా భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మెల్బోర్న్ వెళ్లిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి పలువురు హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాల నుంచి వచ్చినవారే. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57, 1957–58 సంవత్సరాల్లో గెలుచుకున్నది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలుచుకున్నది.

ఈ విజయాల జాబితా తరచుగా వినబడేదే. వాటి వెనకనున్న పద్ధతి మాత్రం తక్కువగా చర్చకు వచ్చింది. రహీం పిల్లల కోసం ప్రత్యేక నియమాలతో పోటీలు పెట్టేవారు. కొన్నింట్లో డ్రిబ్లింగ్ నిషేధం. కొన్నింట్లో ఎడమకాలు బలహీనమైతే ఎడమకాలితోనే ఆడాలి. ఇటువంటి పోటీలో గెలుపోటములకంటె ఏ పిల్లవాడు త్వరగా నేర్చుకుంటున్నాడన్నది స్పష్టంగా కనబడుతుంది. అంటే పోటీయే పరిశీలనా సాధనమయింది. ఉపాధ్యాయ వృత్తి వల్ల పిల్లలు ఏళ్ల తరబడి ఆయన కళ్లముందే ఉండేవారు. ఒక పూట జరిగే ఎంపిక పరీక్షకు ఈ సౌలభ్యం లేదు.

బలరాం ఉదంతం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. సికింద్రాబాదు శివారులోని అమ్ముగూడలో 1936లో పేద తమిళ కుటుంబంలో పుట్టిన బలరాంకు నగరంలోని మైదానానికి రోజూ రావడమే కష్టమయ్యేది. సైకిలు అద్దెకు రహీమే డబ్బు సమకూర్చారన్నది హైదరాబాదు ఫుట్‌బాల్ లోకంలో ప్రసిద్ధమైన వృత్తాంతం. గుర్తించడం, పిలవడం, రావడానికి దారి చూపడం – ఈ మూడూ జరిగితేనే ప్రతిభ జట్టులోకి చేరుతుంది. నేటి కళాశాలల్లో మొదటిదాని గురించి ఎంతో కొంత చర్చ ఉన్నది. మూడవదాని ఊసు దాదాపు లేదు.

అయితే ఈ చరిత్రలోనే ఒక లోటు కూడా ఉన్నది. విశ్వవిద్యాలయ జట్టులో ఆడిన ఉపాధ్యాయుడు బడుల్లో, బస్తీల్లో గుర్తించిన ప్రతిభలో చాలా భాగం పోలీసు జట్టుకు చేరింది. పోలీసు శాఖ జీతం ఇచ్చింది, కళాశాల ఇవ్వలేదు. తరువాతి తరానికి కలకత్తా క్లబ్బులు ఆ స్థానంలోకి వచ్చాయి. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన విజేతగా నిలిచిన భారత జట్టు నాయకుడు షబ్బీర్ అలీ కూడా కలకత్తా మైదానాల్లోనే పేరు తెచ్చుకున్నారు. పోలీసు జట్టు ప్రాభవం తగ్గినప్పుడు, ఆ ఖాళీని భర్తీ చేయగల కళాశాల వ్యవస్థ నగరంలో సిద్ధంగా లేదు. శిక్షణ ఒక వ్యక్తి నైపుణ్యం మీద, ఒక శాఖ ఉదారత మీద నిలిచినంతకాలం సాగింది.

3. నర్సీపట్నం: పటం మీద మూడు గీతలు

హైదరాబాదు రాజధానీ నగరం. చిన్న పట్టణంలో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. నర్సీపట్నం విశాఖపట్నానికి 80 కిలోమీటర్లకు పైగా దూరంలో, తూర్పు కనుమల పాదంలో ఉన్నది. ఇక్కడి నుంచి ఘాట్ రోడ్డు లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కుతుంది. ఆ దారి పనుల్లో మన్యం ప్రజలతో చేయించిన చాకిరి 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు కారణాల్లో ఒకటిగా చరిత్రకెక్కింది. అప్పటినుంచి ఇప్పటివరకు మన్యం వాసులు సంతకో, ఆసుపత్రికో, కళాశాలకో దిగివచ్చే పట్టణాల్లో ఇది ముఖ్యమైనది. గొలుగొండ, కృష్ణదేవిపేట, కొయ్యూరు, చింతపల్లి, గూడెం – వీటి విద్యార్థులకు సహజంగా అందుబాటులో ఉండే ఉన్నత విద్యాకేంద్రం ఈ పట్టణమే.

భౌగోళికంగా ఒకే ప్రాంతమైన ఈ నేల మీద పరిపాలన మూడు గీతలు గీసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఇది మొదటి గీత. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో పొరుగునే ఉన్న తుని ఆ విశ్వవిద్యాలయ పరిధిలోకి పోయింది. నర్సీపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంతోనే మిగిలింది. ఇది రెండవది. గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలకూ సాధారణ ఉన్నత పాఠశాలలకూ మధ్యనున్న శాఖాపరమైన విభజన మూడవది.

క్రీడా పోటీలు ఈ గీతల వెంటనే నడుస్తాయి. పాఠశాల క్రీడలు మండలం, జిల్లా, రాష్ట్రం అనే మెట్లలో జరుగుతాయి. కాబట్టి చింతపల్లి బాలుడు తన సత్తా చూపేది పాడేరు వైపు. అతడు డిగ్రీ చదువుకు దిగివచ్చేది నర్సీపట్నం వైపు. అనకాపల్లి జిల్లా పోటీలు చూసే ఫిజికల్ డైరెక్టర్‌కు అతడు కనబడే అవకాశమే లేదు. ‘స్థానికుడు’ అన్న మాటకు పోటీల నిర్వాహకులిచ్చే అర్థం వేరు, బస్సు ఎక్కే విద్యార్థి ఎరిగిన అర్థం వేరు. కళాశాల ప్రతిభను గుర్తించలేదని నిందించే ముందు, ఆ ప్రతిభ ఎవరి ఎదుట ప్రదర్శితమైందో చూడవలసి ఉన్నది.

4. ఇంటర్మీడియట్ అనే అగాధం

ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పవలసిన కారణం ఇదే. కొయ్యూరు మండలంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పదవ తరగతి చదివే బాలుడిని ఊహించుకోవచ్చు. పాఠశాలకు వెడల్పైన ఆవరణ ఉన్నది. వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు. సాయంత్రం ఆట ఉన్నది. పదిహేనేళ్ల వయస్సులో అతడు జిల్లా స్థాయి పాఠశాల జట్టులో ఆడాడనుకుందాం. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేనాటికి అతడికి పదిహేడు, పద్ధెనిమిదేళ్లు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే పోటీలకు కనీస వయస్సు 17, గరిష్ఠ వయస్సు 25. అంటే సరిగ్గా అర్హత మొదలయ్యే వయస్సు. మధ్యనున్న రెండేళ్లలో అతడి ఆట ఏమయింది?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ విద్య పాఠశాలలో భాగం కాదు, డిగ్రీ కళాశాలలో భాగమూ కాదు. దానికి ప్రత్యేక బోర్డు, ప్రత్యేక కళాశాలలు. ప్రైవేటు జూనియర్ కళాశాలల్లో చాలా భాగం అద్దె భవనాల్లో నడుస్తాయి. మైదానం అనే భావనకే అక్కడ చోటు లేదు. ప్రవేశపరీక్షల ఒత్తిడిలో ఉదయం నుంచి రాత్రి దాకా తరగతులు, స్టడీ అవర్లు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఆవరణ ఉన్నచోట శిక్షకుడు ఉండకపోవచ్చు. పందొమ్మిదేళ్లలోపు విభాగంలో పోటీలు జరుగుతూనే ఉన్నాయి. కాని ఆ రెండేళ్ల నిత్యసాధన లేకుండా పోటీకి మాత్రం వెళ్లే విద్యార్థి తన పాత స్థాయినైనా నిలుపుకోలేడు. ఫుట్‌బాల్‌లో బంతి మీద అదుపు, స్థానం తీసుకోవడంలో తెలివి, తొంభై నిమిషాల దమ్ము ఈ వయస్సులోనే కుదురుకుంటాయి. పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడి రిజిస్టరులోని పేరు డిగ్రీ కళాశాలకు చేరే మార్గం లేదు. నడుమ ఉన్న సంస్థ ఆ పేరును మోసుకురాదు.

మరొక రాష్ట్రంతో పోల్చితే దీని ప్రభావం తేటపడుతుంది. కేరళలో పదకొండు, పన్నెండు తరగతులు హయ్యర్ సెకండరీ పాఠశాలల్లోనే సాగుతాయి. బడి జట్టులో ఆడిన విద్యార్థి పలుచోట్ల అదే మైదానంలో, అదే శిక్షకుడి దగ్గర మరో రెండేళ్లు ఆడి, నేరుగా కళాశాలకు వస్తాడు. 1968లో స్థాపితమైన కాలికట్ విశ్వవిద్యాలయం విక్టర్ మంజిల నాయకత్వంలో 1971లోనే అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ విజేత అయింది. తరువాతి దశాబ్దాల్లో ఆ విజయాన్ని పలుమార్లు పునరావృతం చేసింది. మలప్పురం ప్రాంతంలో పంటపొలాల్లో, దీపాల వెలుగులో సాగే ఏడుగురి ఫుట్‌బాల్ పోటీలకు జాతీయ సమాఖ్య గుర్తింపు లేదు. అయినా అక్కడ బాగా ఆడిన కుర్రవాడి పేరు ఊరంతా తెలుస్తుంది. కళాశాల చెవిన పడుతుంది. కేరళలో ఆటకున్న ప్రజాదరణ వేరనే వాదం సబబే. కాని ఆ ఆదరణను కళాశాల దాకా చేర్చిన ఏర్పాట్లు కూడా ఉన్నాయన్నది మరువరాదు.

5. ప్రవేశ విధానం, ధ్రువపత్రం

పూర్వం అనుభవజ్ఞుడైన ఫిజికల్ డైరెక్టర్ ఎక్కడైనా మంచి ఆటగాణ్ణి చూస్తే, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి సీటు ఇప్పించే వీలు కొంత ఉండేది. ఆ పద్ధతిలో పక్షపాతానికి తావున్నదన్నది నిజమే. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు కేంద్రీకృత ఆన్‌లైన్ విధానంలోకి మారాయి. విద్యార్థి వెబ్ ఐచ్ఛికాలు ఇస్తాడు; సీటు కేటాయింపు జరుగుతుంది. పారదర్శకత పెరిగింది. దానితోపాటు, కళాశాలకు ఫలానా ఆటగాడు కావాలని చెప్పుకునే వీలు పోయింది. ఆటగాడు కళాశాలను ఎంచుకోవాలే తప్ప కళాశాల ఆటగాణ్ణి ఎంచుకోలేదు. అటువంటప్పుడు ఫలానా కళాశాలలో ఫుట్‌బాల్ జట్టు ఉన్నదని, శిక్షణ దొరుకుతుందని విద్యార్థికి ఐచ్ఛికాలు ఇచ్చేలోపే తెలియాలి. తెలియజేసే బాధ్యత ఎవరి ఉద్యోగవిధుల్లోనూ లేదు.

స్పోర్ట్స్ కోటా ఈ లోటును తీర్చదా అన్న ప్రశ్న సహజం. ఇంజనీరింగు వంటి వృత్తివిద్యా కోర్సుల్లో ఆ కోటా అరశాతం. అంటే రెండు వందల సీట్లకు ఒకటి. అది అన్ని క్రీడలకూ కలిపి. అర్హతాక్రమం ధ్రువపత్రాల స్థాయిని బట్టి నిర్ణయమవుతుంది – అంతర్జాతీయం, జాతీయం, రాష్ట్రం ఇలా. సంక్రాంతికి ఊళ్లలో జరిగే పోటీలకు పత్రం ఉండదు, ఉన్నా చెల్లదు. జిల్లా దాటి ఆడే అవకాశం, ప్రయాణ ఖర్చు, వెంట తీసుకువెళ్లే పెద్దదిక్కు ఉన్న కుటుంబపు బిడ్డకే పత్రం దక్కుతుంది. ప్రతిభను కొలవవలసిన సాధనం ఆచరణలో అవకాశాన్ని కొలుస్తున్నది. నాలుగవ తరగతిలోనే శారీరక పరీక్షలతో పిల్లలను తీసుకునే హకీంపేట క్రీడా పాఠశాల (1993) పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడ పత్రానికంటె పరుగుకూ దూకుడుకూ విలువ. కాని అటువంటి సంస్థలు కొద్ది.

6. విశాఖ అమ్మాయి, గుంటూరు విశ్వవిద్యాలయం

ఫుట్‌బాల్ వెలుపలి ఉదాహరణ ఒకటి ఈ చర్చకు ఉపకరిస్తుంది. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023, 2025 ఆసియా ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన జ్యోతి యర్రాజీ విశాఖపట్నంలో పుట్టి, అక్కడి బడిలోనే పరుగు మొదలుపెట్టిన క్రీడాకారిణి. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2016లో ఆమె హైదరాబాదులోని భారత క్రీడాప్రాధికార సంస్థ వసతిగృహానికి, ఆ తరువాత గుంటూరుకు, 2019లో భువనేశ్వర్ శిక్షణ కేంద్రానికి వెళ్లారు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 సెకన్లలో పరుగు ముగించినప్పుడు ఆమె ఆడింది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున. (డోపింగ్ పరీక్ష జరగనందున ఆ సమయం జాతీయ రికార్డుగా నమోదు కాలేదు.) 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం సాధించారు.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ నగరంలోనే ఉన్నది. ఆ నగరపు అమ్మాయి వేరే విశ్వవిద్యాలయం పేరున పరుగెత్తడాన్ని ఎవరి తప్పుగానో చెప్పడం తొందరపాటవుతుంది. శిక్షణ ఎక్కడ దొరికితే చదువు అక్కడికి పోయింది, ఇంతే జరిగింది. సాధారణంగా విద్యార్థి కళాశాలను ఎంచుకుని, అక్కడ ఆట ఏముందో వెతుక్కుంటాడని అనుకుంటారు. నిజమైన ప్రతిభ ఉన్నవారి విషయంలో క్రమం తారుమారవుతుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ఎదిగిన సౌమ్య గుగులోత్ గోకులం కేరళ, క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్, ఈస్ట్ బెంగాల్ జట్లకు ఆడవలసి రావడం కూడా ఈ కోవలోనిదే. అనంతపురం జిల్లాలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్.డి.టి.) పల్లెపిల్లల కోసం నడుపుతున్న ఫుట్‌బాల్ శిక్షణ, లీగు పోటీలు మాత్రం ఇందుకు ఎదురు సాక్ష్యం. అక్కడ పిల్లలు దూరం పోవలసిన అవసరం తగ్గింది. ఆ పని చేసింది స్వచ్ఛంద సంస్థ, కళాశాల కాదు.

7. పట్టణ కళాశాల చేయగలిగినవి

పై కారణాల్లో జిల్లా సరిహద్దులు, ఆన్‌లైన్ ప్రవేశాలు, ఇంటర్మీడియట్ నిర్మాణం కళాశాల చేతిలో ఉన్నవి కావు. కాని నర్సీపట్నం వంటి పట్టణపు కళాశాల తన మైదానంలో ఏటా వేసవి సెలవులకు ముందు ఇంటర్మీడియట్ విద్యార్థులకోసం, జిల్లా భేదం లేకుండా, నాలుగురోజుల పోటీ పెట్టవచ్చు. దానికి ప్రత్యేక అనుమతుల గొడవ పెద్దగా ఉండదు. కొయ్యూరు, చింతపల్లి ఆశ్రమ పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులను పిలిచి, గత రెండేళ్లలో బాగా ఆడిన పిల్లల పేర్లు, వారిప్పుడు చదువుతున్న చోట్లు అడిగి రాసుకోవచ్చు. రహీం పెట్టినటువంటి నియమాలతో ఆడిస్తే, రెండేళ్లు ఆటకు దూరమైన కుర్రవాడి లోపలి శక్తి కూడా బయటపడుతుంది. వెబ్ ఐచ్ఛికాల గడువు అప్పటికింకా మొదలు కాదు.

వసతి సంగతి ఇంతకంటె చిక్కుది. సంక్షేమ వసతిగృహంలో ఉండే విద్యార్థికి సాయంత్రం హాజరు వేళ, భోజనం వేళ నియతమై ఉంటాయి. సాధన ముగించి చీకటిపడ్డాక వచ్చేవాడికి అన్నం మిగలాలంటే వార్డెన్‌కూ ఫిజికల్ డైరెక్టర్‌కూ మధ్య ముందస్తు ఒప్పందం ఉండాలి. ఊరి నుంచి వచ్చిపోయే విద్యార్థికి చివరి బస్సు వేళే సాధన ముగింపు వేళ. మన్యం వైపు బస్సుల సంఖ్య తెలిసినవారికి దీని బరువు అర్థమవుతుంది. ఉదయం పూట సాధన ఈ రెండింటికీ కొంత పరిష్కారం.

బాలికల విషయంలో మరొక అడ్డంకి ఉన్నది. పరుగుపందేనికి ఒక్కరు చాలు. ఫుట్‌బాల్‌కు పదకొండుమంది, వారికి తోడు ప్రత్యామ్నాయ క్రీడాకారిణులు కావాలి. ఒక కళాశాలలో నలుగురు మంచి ఆటగత్తెలున్నా జట్టు పూర్తికాకపోతే ఆ కళాశాల అంతర కళాశాల పోటీకి పేరు పంపదు; ఆ నలుగురినీ ఎవరూ చూడరు. విశ్వవిద్యాలయం జట్టును ఎంపిక చేసేటప్పుడు కళాశాల జట్లతో నిమిత్తం లేకుండా విద్యార్థినులు ఒక్కొక్కరుగా హాజరుకాగల బహిరంగ ఎంపికలు జరపడం, వాటిని విశాఖపట్నంలో ఒక్కచోట కాక నర్సీపట్నంలో ఒక రోజు, పాడేరులో ఒక రోజు జరపడం ఈ సందర్భంలో పరిశీలించదగిన ఏర్పాటు. పాడేరు నుంచి విశాఖకు వెళ్లి అదే రోజు తిరిగిరావడం విద్యార్థినికి ఎంత కష్టమో, ఇద్దరు సెలక్టర్లు పాడేరు వెళ్లిరావడం అంత కష్టం కాదు.